అడ్వాన్సుకు పూచీ మనిషే: నెల్లూరు, ప్రకాశం వైపు అక్రమ రవాణా ఎలా నడుస్తుంది

క్లుప్తంగా: మనుషుల అక్రమ రవాణా అనగానే పిల్లల్ని వ్యాన్‌లో ఎత్తుకుపోయే ముఠాలు గుర్తొస్తాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కనిపించే తీరు ఎక్కువగా వేరు. తెలిసిన మనిషి ఇచ్చిన అడ్వాన్సు, పైసా ఖర్చు లేకుండా వచ్చిన వీసా, ఎవరో తీసిపెట్టిన విమానం టికెట్టు, ఇలాంటి వాటి దగ్గరే మనిషి చిక్కుతాడు. దీన్ని అడ్డుకునే చట్టాలు ఉన్నాయి, కొన్ని బాగా గట్టివే. కానీ కేసు ఏ పేరుతో నమోదైంది, వెట్టి నుంచి విడిపించినట్టు అధికారులు ఇచ్చే విడుదల పత్రం చేతికి వచ్చిందా లేదా అన్న చోట చాలామంది బాధితులు జారిపోతున్నారు.

పాతిక వేల అప్పు, తొమ్మిదేళ్ల పిల్లాడు

2025 మేలో తిరుపతి జిల్లా నుంచి ఒక వార్త వచ్చింది. బాతులు మేపే పనిలో ఉన్న ఒక యానాది (గిరిజన తెగ) కుటుంబం యజమాని దగ్గర 25 వేలు అప్పు తీసుకుంది. కొన్నాళ్లు పనిచేసి, ఇక వెళ్లిపోతామంటే వడ్డీతో కలిపి 45 వేలు కట్టమన్నాడు. డబ్బు తెచ్చేదాకా తల్లి తన తొమ్మిదేళ్ల కొడుకును అక్కడ పూచీగా వదిలింది. తిరిగి అడిగితే పిల్లాడు పారిపోయాడన్నారు. చివరికి తమిళనాడులోని కాంచీపురం దగ్గర పాలారు ఒడ్డున పూడ్చిపెట్టిన శవం దొరికింది.

ఈ రోజుల్లో కూడా ఇలా జరుగుతుందా అని చాలామంది ఆశ్చర్యపోయారు. ఆశ్చర్యం పక్కనపెట్టి చూడాల్సింది ఒకటుంది. ఇందులో ఎవరూ ఎవరినీ ఎత్తుకుపోలేదు. మత్తుమందు లేదు, ముసుగు మనిషి లేడు. ఉన్నదల్లా ఒక బాకీ, ఆ బాకీకి తాకట్టుగా ఒక పిల్లాడు.

అసలు బాతుల మేపులోనే ఇది ఎందుకు జరుగుతుందో తెలియాలంటే ఆ పని తీరు చూడాలి. కోతలు అయిపోయిన కయ్యల్లో రాలిన గింజలు, నత్తలు, పురుగులు తింటూ వందల బాతుల మంద సాగుతుంది. ఒక ఊరి కయ్యలు అయిపోతే ఇంకో ఊరికి, అక్కడా అయిపోతే జిల్లా దాటి, ఒక్కోసారి రాష్ట్రం దాటి. రాత్రికి మందను వల కట్టి ఆపుతారు, పక్కనే పట్ట కప్పుకుని మేపేవాళ్లు పడుకుంటారు. తెల్లారకముందే లేచి గుడ్లు ఏరాలి. కుక్కలూ నక్కలూ పడకుండా రాత్రంతా ఒక కన్ను తెరిచే ఉంచాలి, ఎందుకంటే పోయిన బాతు ఖరీదు కూడా బాకీలోకే పోతుంది. గేటు లేదు, బోర్డు లేదు, హాజరు పుస్తకం లేదు. నిన్న ఉన్న చోట ఇవాళ లేని పనిని ఏ లేబర్ ఆఫీసరు వచ్చి తనిఖీ చేస్తాడు? బడి మానేసిన పిల్లాడి కోసం టీచరు ఇంటికి వెళ్లినా, ఇల్లే కదిలిపోయి ఉంటుంది. మంద వెనక పరిగెత్తడానికి పెద్దవాళ్లు అక్కర్లేదు కాబట్టి ఈ పనిలో పిల్లలే చవక.

పేరులోనే తికమక

'రవాణా' అన్న మాటే సగం తప్పుదారి పట్టిస్తుంది. ఆ మాట వినగానే లారీ, చెక్‌పోస్టు, సరిహద్దు కళ్లముందు కదులుతాయి. నిజానికి చట్టంలో సరిహద్దు దాటాలన్న నిబంధన ఏదీ లేదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 143వ సెక్షన్ (అంతకుముందు ఐపీసీ 370) ప్రకారం చూడాల్సినవి ఇవి: మనిషిని చేర్చుకోవడం, తరలించడం, దాచిపెట్టడం, అప్పగించడం, స్వీకరించడం, వీటిలో ఏదో ఒకటి జరగాలి. అందుకు బెదిరింపో, మోసమో, బలవంతమో, డబ్బు ఆశ చూపడమో, అధికారాన్ని అడ్డం పెట్టుకోవడమో వాడి ఉండాలి. ఇదంతా ఆ మనిషిని దోచుకోవడానికే అయి ఉండాలి. దోపిడీ అంటే లైంగిక దోపిడీ ఒక్కటే కాదు, వెట్టి, బిచ్చమెత్తించడం, అవయవాలు తీసుకోవడం కూడా అందులోకే వస్తాయి. కావలిలో మనిషిని చేర్చుకుని కావలి పక్క ఊళ్లోనే కట్టిపడేసినా ఇది నేరమే.

ఇంకో ముక్క చాలామందికి తెలియదు. 'వాళ్లంతట వాళ్లే వచ్చారు, సంతకం కూడా పెట్టారు' అన్న వాదనకు ఈ సెక్షన్ కింద విలువ లేదు, బాధితుల సమ్మతి లెక్కలోకి రాదని అందులోనే రాసి ఉంది. శిక్ష ఏడు నుంచి పదేళ్లు. బాధితులు పిల్లలైతే కనీసం పదేళ్లు, యావజ్జీవం దాకా పోవచ్చు.

అలాగని వలసంతా అక్రమ రవాణా కాదు. కనిగిరి, పామూరు, మార్కాపురం వైపు నుంచి గుంటూరు మిరప కోతలకూ, హైదరాబాద్, బెంగళూరు బిల్డింగ్ పనులకూ ఏటా వేలమంది వెళ్తారు, కష్టపడతారు, డబ్బుతో తిరిగొస్తారు. పని నచ్చకపోతే బస్సెక్కి ఇంటికి రాగలరా? తేడా అక్కడ తెలుస్తుంది.

అడ్వాన్సు పుస్తకం

ఇటుక బట్టీల దగ్గర మేస్త్రీ, అంటే కూలీలను కుదిర్చి తెచ్చేవాడి, చేతిలో ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఆ పుస్తకం ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక ఊహా లెక్క వేద్దాం. భార్యాభర్తలకు సీజను ముందు 60 వేలు అడ్వాన్సు ఇచ్చారనుకుందాం. బియ్యం, ఉప్పు, పప్పులకు వారానికి వెయ్యి ఖర్చులకిస్తారు, 24 వారాలకు 24 వేలు. ఇద్దరూ కలిసి రోజుకు 800 ఇటుకలు కోస్తే, 150 పని రోజులకు లక్షా ఇరవై వేల ఇటుకలు. వెయ్యికి 500 చొప్పున కడితే సంపాదన 60 వేలు. పుస్తకంలో తీసుకున్నది 84 వేలు. అంటే ఆరు నెలలు మట్టిలో బతికి, ఊరికి బయల్దేరే రోజున ఆ జంట ఇంకా 24 వేలు బాకీ. ఇందులో వాన పడి కరిగిపోయిన ఇటుకలు లేవు, ఆసుపత్రి ఖర్చు లేదు, వడ్డీ లేదు. పైగా వెయ్యికి ఎంత కడతారన్న రేటు చాలాసార్లు సీజను చివర్లోనే తేలుతుంది. పుస్తకం రాసేది మేస్త్రీ, చదవడం రానిది కూలీలకు.

ఈ లెక్కలో మనిషికి రోజుకు పడింది 200. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి 307 రూపాయలు. కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణ నిషేధించిన నిర్బంధ శ్రమ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లోనే, ఢిల్లీ ఏషియాడ్ నిర్మాణ కూలీల కేసులో చెప్పేసింది. కత్తి పెట్టి బెదిరించనక్కర్లేదు, ఆకలితో ఇంకో దారి లేక ఒప్పుకున్నా అది బలవంతమే అని ఆ తీర్పు అర్థం.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ఇంకా ముందుకు వెళ్లింది. వెట్టి బాకీ మొత్తం రద్దు. అది వెట్టి బాకీ కాదని నిరూపించుకోవాల్సింది అప్పిచ్చినవాడే, కూలీ కాదు. మన చట్టాల్లో రుజువు భారం ఇలా బలవంతుడి మీదికి వెళ్లడం అరుదు. కానీ బట్టీలోనో రొయ్యల గుంట గట్టు మీదో ఉన్న మనిషికి ఈ సంగతి చెప్పేదెవరు? బాకీ ఎగ్గొట్టడం పాపం అనుకునేది వాళ్లే, చట్ట ప్రకారం తీర్చక్కర్లేని బాకీని తీర్చడానికి పిల్లల్ని కూడా పనిలో పెట్టేదీ వాళ్లే.

యానాదులే ఎందుకు ఎక్కువ

రాష్ట్రంలో యానాదులు ఎక్కువగా ఉన్నది ఉమ్మడి నెల్లూరు జిల్లాలోనే. సొంత భూమి దాదాపు ఉండదు. చేపలు పట్టడం, పొలాల్లో ఎలుకలు పట్టడం, కాపలా, ఇలా ఒకరి భూమి మీద, ఒకరి పిలుపు మీద బతుకు. తీరం పొడవునా రొయ్యల గుంటలు వచ్చాక కాపలా పని పెరిగింది. గుంట గట్టు మీద చిన్న గుడిసె, కుటుంబమంతా అక్కడే. మేత వేయాలి, నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్లు ఆగిపోతే రాత్రి ఎన్నింటికైనా లేవాలి. జీతం మొగుడి పేరున ఒక్కటే, పని ఇంటిల్లిపాదిదీ. అడ్వాన్సు తీరేదాకా ఆ గట్టు దిగడానికి లేదు.

కాగితాలు లేకపోవడం ఇంకో కారణం. జనన ధ్రువపత్రం లేదు, కులం సర్టిఫికెట్ లేదు, కొందరికి ఆధార్ కూడా ఆలస్యంగానే వచ్చింది. కాగితం లేనివాడికి బ్యాంకు అప్పివ్వదు, కాగితం అడగకుండా ఇచ్చేది మేస్త్రీ ఒక్కడే. పెళ్లి, చావు, జ్వరం, ఏది వచ్చినా అదే గుమ్మం.

పోలీసు స్టేషను గడప తొక్కడానికి భయం కూడా ఉంది, దానికో చరిత్ర ఉంది. బ్రిటిష్ కాలంలో నేరస్త తెగల చట్టం కింద ఎరుకల వంటి కులాలను కావలిలో, బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో సెటిల్‌మెంట్లు కట్టి నిఘాలో ఉంచారు. చట్టం పోయి 70 ఏళ్లు దాటింది. దొంగతనం జరిగితే ముందు ఎవరి గుడిసెకు వెళ్తారన్నది మాత్రం పేటల్లో అందరికీ తెలుసు. అలాంటి మనిషి తానే స్టేషనుకు వెళ్లి యజమాని మీద ఫిర్యాదు ఇస్తాడని ఆశించడం కష్టం.

కువైట్ వీసా: ఉచితం అన్నదే చిక్కు

కడపతో పాటు నెల్లూరు నుంచి కూడా ఇంటిపనికి కువైట్ వెళ్లే ఆడవాళ్లు ఉన్నారు. ఇక్కడ లెక్క తిరగబడుతుంది. మగవాళ్లు వీసా కోసం ఏజెంటుకు లక్షల్లో కడతారు. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్ల దగ్గర చాలాసార్లు పైసా తీసుకోరు, పైగా ఇంటి ఖర్చులకని కొంత చేతిలో పెడతారు. ఊళ్లో అంతా అదృష్టం అనుకుంటారు. అసలు సంగతేమిటంటే, టికెట్టుకూ వీసాకూ కమీషన్‌కూ అక్కడి కఫీల్, అంటే స్పాన్సరు, అప్పటికే డబ్బు కట్టేశాడు. ఆ డబ్బుకు తాను మనిషిని కొన్నాననుకుంటాడు. పాస్‌పోర్టు అతని బీరువాలోకి వెళ్తుంది, కొన్ని ఇళ్లలో ఫోను కూడా. ఆరోగ్యం బాగోలేక తిరిగి వెళ్తానంటే, కట్టిన డబ్బు ఎవరిస్తారన్న ప్రశ్న వస్తుంది. చెప్పకుండా ఇల్లు దాటితే పరారీ కేసు. అందరు కఫీళ్లూ ఇలాంటివాళ్లే అని కాదు, ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో మర్యాదగా ఉండి ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ మంచి ఇల్లు దొరకడం అదృష్టం మీద ఆధారపడితే, చెడ్డ ఇల్లు దొరికినప్పుడు బయటపడే దారి ఉండదు.

దీనికి అడ్డుకట్టలు ఉన్నాయి. పదో తరగతి పాసవని వాళ్ల పాస్‌పోర్టు మీద ఈసీఆర్ (వలస తనిఖీ అవసరం) ముద్ర ఉంటుంది, 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వాళ్లకు వలస అనుమతి కావాలి. ఇంటిపనికి వెళ్లే ఆడవాళ్లకు 30 ఏళ్లు నిండాలి. 2016 నుంచి అలాంటివాళ్లను ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలని నియమం పెట్టారు, మన రాష్ట్రంలో ఆ సంస్థ ఓమ్‌క్యాప్. ఇన్ని ఉన్నా సబ్ ఏజెంటుకు ఒక సందు దొరుకుతుంది: విజిట్ వీసా. దుబాయికో మస్కట్‌కో చుట్టం చూపుగా పంపి, అక్కడి నుంచి పనికి మార్చడం. అప్పుడు ఆమె పేరు ఏ రికార్డులోనూ కూలీగా ఉండదు. కష్టం వచ్చి ఇంటివాళ్లు కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్‌కు అర్జీ పెట్టుకుంటే, ముందు ఆమె ఏ వీసా మీద వెళ్లిందో తేల్చడానికే రోజులు పడతాయి. ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్లో చూసుకోవచ్చు. సమస్య ఏమిటంటే ఊళ్లో తిరిగేది ఏజెంటు కాదు, సబ్ ఏజెంటు. అతనికి ఆఫీసు ఉండదు, లైసెన్సు ఉండదు. అతను చాలాసార్లు అదే వీధి మనిషి, వరసకు అన్నో బాబాయో.

చదువుకున్నవాళ్లకు వేసే వల

చదువు లేనివాళ్లే చిక్కుతారన్న నమ్మకాన్ని కంబోడియా, మయన్మార్ కేసులు పోగొట్టాయి. డేటా ఎంట్రీ ఉద్యోగం, డాలర్లలో జీతం అని పిలుస్తారు. దిగాక పాస్‌పోర్టు లాక్కుని, కాపలా ఉన్న కాంపౌండ్‌లో కూర్చోబెట్టి సైబర్ మోసాలు చేయిస్తారు. రోజూ టార్గెట్, తప్పితే జీతంలో కోత, కొన్నిచోట్ల దెబ్బలు, కరెంటు షాకులు. వదిలేయమంటే, నీ కోసం ఏజెంటుకు ఇంత కట్టాం, అది కట్టి వెళ్లు అంటారు. బట్టీ మేస్త్రీ చెప్పే మాటకూ దీనికీ భాషలోనే తేడా.

2024 మేలో విశాఖ పోలీసులు కంబోడియా గుట్టు బయటపెట్టాక ఇది తెలుగు ఊళ్లలో చర్చకొచ్చింది. 2025 మార్చిలో కేంద్రం రెండు వైమానిక దళ విమానాల్లో 549 మందిని థాయ్‌లాండ్ సరిహద్దు నుంచి తీసుకొచ్చింది. ఇక్కడ ఒక చిక్కు ఉంది. తిరిగొచ్చిన కుర్రాడు బాధితుడా, నిందితుడా? అతని కీబోర్డు మీద నుంచే ఇక్కడ ఎవరో రిటైర్డ్ ఉద్యోగి పొదుపు పోయి ఉండవచ్చు. నిర్బంధంలో చేయించిన నేరాన్ని ఎలా చూడాలన్న స్పష్టత లేకపోతే, రేపు తప్పించుకున్నవాడు కేసు భయంతో ఎంబసీకి ఫోను కూడా చేయడు. కొందరు జీతం కోసం తెలిసే చేశారన్నదీ నిజమే. ఇద్దరినీ వేరుచేయాల్సిన పని దర్యాప్తుది, ఎయిర్‌పోర్టు క్యూలో తేలేది కాదు.

ఇక్కడికి వచ్చేవాళ్లు

ఈ జిల్లాలు మనుషుల్ని పంపడమే కాదు, తెచ్చుకుంటాయి కూడా. చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, ఇటుక బట్టీలు, వీటిలో ఒడిశా, బిహార్ వైపు నుంచి వచ్చిన కూలీలు పనిచేస్తారు. భాష రాదు, ఉండేది కంపెనీ షెడ్డులో, జీతం కాంట్రాక్టరు చేతిలో. కువైట్‌లో మన మనిషి పాస్‌పోర్టు లాక్కున్నారని కోప్పడే ఊళ్లోనే, ఒడిశా కుర్రాడి ఆధార్ కార్డు కాంట్రాక్టరు బ్యాగులో ఉంటే అది మామూలు విషయంగా కనిపిస్తుంది.

చెన్నై, విజయవాడ మధ్య రైలు మార్గమూ, 16వ నంబరు జాతీయ రహదారీ ఈ రెండు జిల్లాల మీదుగానే పోతాయి. గూడూరు, నెల్లూరు, ఒంగోలు స్టేషన్లు దాటే రైళ్లలో పిల్లల్ని గుంపుగా తీసుకెళ్తుంటే గుర్తుపట్టే పని రైల్వే రక్షణ దళం ఆర్పీఎఫ్‌ది, పిల్లల కోసం నన్హే ఫరిస్తే అన్న కార్యక్రమం ఉంది. పిల్లలు తప్పిపోయారని ఎవరైనా వస్తే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని, ఎత్తుకెళ్లి ఉంటారనో అక్రమ రవాణా జరిగి ఉంటుందనో అనుకునే దర్యాప్తు మొదలుపెట్టాలని సుప్రీంకోర్టు 2013లో చెప్పింది. రెండ్రోజులు చూసి రండి అనే హక్కు ఏ స్టేషనుకూ లేదు.

వ్యభిచార కూపం నుంచి బయటికి

ఇక్కడా పిలిచేది ఎక్కువగా తెలిసినవాళ్లే. పార్లర్‌లో పని, సినిమాలో ఛాన్స్, పెళ్లి చేసుకుంటానన్న మాట. 1956 నాటి అనైతిక వ్యాపార నిరోధక చట్టం వ్యభిచార గృహాలు నడిపేవాళ్లనూ తార్చేవాళ్లనూ శిక్షించమంటుంది. వార్త మాత్రం 'ఇద్దరు మహిళల పట్టివేత' అని వస్తుంది, విటుడి పేరూ లాడ్జి యజమాని పేరూ కనపడవు. హోంకు పంపిన అమ్మాయిని విడిపించడానికి వచ్చే వకీలుకు ఫీజు కట్టేది ఎవరో చూడాలి, కొన్ని కేసుల్లో అది ఆమెను దించినవాళ్లే. బయటికొచ్చాక ఆ వకీలు ఫీజు కూడా ఆమె బాకీయే.

బయటపడ్డాక ఏం జరుగుతుంది

ఫోను నంబర్లు ఉన్నాయి: అత్యవసరానికి 112, పిల్లలకు 1098, మహిళలకు 181, ఉచిత న్యాయ సాయానికి 15100. జిల్లా కేంద్రంలో మహిళలకు వన్ స్టాప్ సెంటరు ఉంటుంది, పిల్లలైతే బాలల సంక్షేమ కమిటీ ముందుకు తీసుకెళ్తారు. నష్టపరిహారం కోసం జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు చేయవచ్చు, అందుకు నిందితుడు దొరకాలని కూడా లేదు.

వెట్టి కేసుల్లో కీలకమైనది విడుదల పత్రం. కలెక్టరో, సబ్ డివిజన్ స్థాయిలో ఆర్డీవోనో విచారించి ఇస్తారు. 2016 నాటి కేంద్ర పథకం ప్రకారం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు, లైంగిక దోపిడీ, అక్రమ రవాణా వంటి తీవ్రమైన కేసుల్లో మూడు లక్షలు. వెంటనే ఇచ్చే సాయం మొదట 20 వేలు ఉండేది, తర్వాత 30 వేల దాకా పెంచారు. అయితే పెద్ద మొత్తాన్ని నేరం రుజువు కావడంతో ముడిపెట్టారు, అదే పథకానికి పెద్ద బలహీనత. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, ఈలోగా సాక్షి కూలికి వెళ్లాలి, యజమాని మనుషులు రాజీకి వస్తారు.

చాలాచోట్ల అసలు అంతదాకా కూడా రాదు. అధికారులు దాడి చేసి కూలీలను లారీ ఎక్కించి ఊరికి పంపేస్తారు, బాకీ జీతాల గొడవగా రాసి ఫైలు మూసేస్తారు. చూసేవాళ్లకు అందరినీ విడిపించినట్టే ఉంటుంది. పత్రం లేకుండా ఊరు చేరినవాడు కాగితం మీద వెట్టి కూలీ కాడు, కాబట్టి ఆ 30 వేలూ లేవు, బాకీ రద్దయిందని చెప్పడానికి ఆధారమూ లేదు.

రాష్ట్రం దాటితే ఇంకో మెలిక. పత్రం ఇవ్వాల్సింది పనిచేసిన చోటి అధికారి, అంటే కాంచీపురం వైపో తిరువళ్లూరు వైపో. పునరావాసం చూడాల్సింది నెల్లూరు కలెక్టరేట్. తమిళంలో ఉన్న ఆ కాగితంలో పేరు ఒకలా, ఆధార్‌లో ఇంకోలా ఉంటుంది, బ్యాంకు ఖాతా ఉండదు, ఉన్నా పాస్‌బుక్ మేస్త్రీ దగ్గర వదిలేసి వచ్చి ఉంటారు. అందుకే ఈ కేసుల్లో అనుభవం ఉన్నవాళ్లు కూలీలు బండి ఎక్కకముందే ఒక పని చేయిస్తారు: పత్రం ఒరిజినల్ వాళ్ల చేతికే ఇప్పించడం, దాని ఫొటో ఒకటి సొంత ఊరి సచివాలయంలో వెల్ఫేర్ అసిస్టెంట్ ఫోనుకు పంపించడం.